ఎండ కోసం ఆగిన పసరు

మా ఇంటి వెనక తోటలో ఏదీ కోయకూడదు. ఇల్లు అద్దెకిచ్చిన రోజు ఓనరమ్మ మరీ మరీ చెప్పిన మాట అదొక్కటే. గోడలకు మేకులు కొట్టుకోండి, వంటింట్లో ఎంత పోపైనా పెట్టుకోండి, తోట జోలికి మాత్రం పోవద్దంది. ఆమె ఉండేది పక్కింట్లోనే. రెండిళ్ళకూ కలిపి వెనకాల ఒకటే తోట, మధ్యలో గోడ లేదు. తేనెటీగలు రావాలని, పిట్టలు గూళ్ళు పెట్టుకోవాలని ఆమె దాన్ని ఏళ్ళ తరబడి అలా వదిలేసింది. ఐర్లండ్‌లో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడున్న మనవాళ్ళనెవరిని అడిగినా చెప్తారు. తోటలో పులి ఉందన్నా మేం సరే అనేవాళ్ళం.

మేముండేది కార్క్ హార్బర్ పక్కన చిన్న ఊళ్ళో. మా ఆయనకు రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని. పొద్దున కారు ఆయనతో పోతే మళ్ళీ సాయంత్రమే. నాకు డ్రైవింగ్ రాదు. ఇంటర్‌తోనే చదువు ఆపేసి పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని, నాకు వచ్చిన ఇంగ్లిషంతా టీవీ చూసి, ఓనరమ్మతో మాట్లాడి నేర్చుకున్నదే. అందుకని నాకు, పాపకు ఆ తోటే లోకం. ఓడ బయల్దేరుతుంటే మోగే కూత అక్కడిదాకా వినిపించేది.

ఆ తోటలో కంచె పక్కన ఒక మొక్క ఉండేది. ఎండాకాలం మొదలయ్యేసరికి నా ఎత్తు పెరిగేది. కాడ నిండా నూగు, లోపల బోలు. పైన తెల్ల పూలు చిన్న చిన్న గొడుగులు విప్పినట్టు ఉండేవి. ఎన్ని ఈగలో, ఎన్ని పురుగులో, పూల మీద చోటు కోసం కొట్టుకునేవి. చూడ్డానికి బాగుండేది, నిజం చెప్పాలంటే నాకు ఇష్టమే. దాని పేరు హాగ్‌వీడ్ అని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడు ఎండాకాలానికి మా అత్తమ్మ వచ్చింది. పాప పుట్టినప్పుడు రావాల్సింది, అప్పుడు వీసా రాలేదు. ఆ బాధ ఆమెకు ఎప్పటికీ పోలేదు. ఎందుకంటే మా అత్తమ్మ కరీంనగర్‌లో వాళ్ళ వాడ మొత్తానికి పసిపిల్లలకు నీళ్ళు పోసే మనిషి. ఎవరింట్లో పురుడు పోసుకున్నా ముందు ఆమెకే కబురు. కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టి, నువ్వుల నూనె రాసి, నలుగు పెట్టి, వేడి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, పొద్దుటి ఎండలో కాసేపు ఉంచి తల్లి చేతికిచ్చేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు కూడా ఆమె ఎదురుపడితే సిగ్గుపడి నవ్వుతారట. అలాంటి మనిషి సొంత మనవరాలిని ఐదేళ్ళు ఫోన్‌లోనే చూసింది.

వచ్చిన రోజే చెప్పేసింది. "నాకు మీ ఊర్లు జూసుడు ఏం వద్దు. పిల్లకు నేనెవలో ఎర్కగావాలె. గదొక్కటైతే నేనొచ్చిన పని అయినట్టే."

కానీ పాప దగ్గరికి రాదే! తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులో, అదీ ఇక్కడి యాసలో.

"పాలు తాగినవా బిడ్డా?"

"యా."

"యా ఏందే, గాడిద లెక్క. ఊ అను."

"నో థ్యాంక్స్."

"ఏమంటుందే ఇది?" అని నా వైపు చూసేది అత్తమ్మ.

"వద్దంటుంది అత్తమ్మా."

"దేన్ని వద్దంటుంది? పాలనా, నన్నా?"

నేను నవ్వేదాన్ని. అత్తమ్మ కూడా నవ్వేది కానీ లోపల గుచ్చుకునేదని నాకు తెలుసు. పాప తన బొమ్మలు పట్టుకుని నా వెనక నక్కేది. ఎత్తుకుందామని వంగితే ఒళ్ళు బిర్రబిగుసుకుపోయేది. మా ఆయన తల్లికి సర్దిచెప్పేవాడు, "అలవాటైతదమ్మా, జరసేపు ఆగు." ఆగితే ఎన్నాళ్ళు? ఆమె వచ్చిందే ఎండాకాలం వరకు.

ఒక శనివారం ఎండ వచ్చింది. ఇక్కడ ఎండ రావడమంటే చుట్టం వచ్చినట్టే. ఆకాశంలో మబ్బు తునక లేదు. మా ఆయనకు ఆ రోజు కూడా ఫ్యాక్టరీలో ఏదో పని పడింది. అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "మొగులు ఇడిసిందే! ఇగ ఇంట్ల ఎవలుంటరు?" అని పాపను, కూరగాయల చాకును, గిన్నెలో సబ్బు నీళ్ళను తీసుకుని తోటలోకి పోయింది.

నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. అత్తమ్మ కంచె దగ్గరికి పోయి ఆ బోలు కాడను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఓ పిల్లా," అని నన్ను కేకేసింది, "గిది మన బొప్పాయి ఆకు కాడ లెక్కనే ఉన్నది గదనే!"

బొప్పాయి కాడతో బూర చేసుకోని పిల్లలు మన దగ్గర ఎవరున్నారు? నేనూ ఊదాను, మా ఆయనా ఊదాడు. అత్తమ్మ జానెడు ముక్క కోసింది. ఓనరమ్మ మాట గుర్తొచ్చింది కానీ, ఒక్క కాడకు ఏమవుతుందిలే అని ఊరుకున్నాను. పసరు మణికట్టు మీదుగా కారితే చీర కొంగుకు తుడుచుకుంది. సబ్బు నీళ్ళలో ముంచి ఊదింది. ఎంత బుడగ వచ్చిందో! అది ఊగుతూ ఊగుతూ పూల మీదికి పోయి పగిలింది. పాప నోరు తెరిచి చూసింది. తర్వాత బూర లాక్కుని తనూ ఊదింది. అదైపోతే ఇంకోటి. చివరికి తనే కాడలు విరిచి తెచ్చి నానమ్మ ఒళ్ళో పోసింది. బూర మూతికి, పసరు బుగ్గలకు, చేతులకు, తొడలకు. నవ్వి నవ్వి ఎక్కిళ్ళు వచ్చాయి.

అప్పుడు అన్నది. "నానమ్మా, మళ్ళ! మళ్ళ!"

తెలుగులో. ఆమె మాట ఆమెకే తిరిగి చెప్పినట్టు. అత్తమ్మ కిటికీ వైపు తిరిగి నన్ను చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. గెలిచినట్టు గడ్డం ఎత్తింది.

ఇక ఆ రోజు పాప నానమ్మను వదల్లేదు. అత్తమ్మ గడ్డి మీద దుప్పటి పరిచి, నువ్వుల నూనె సీసా తెప్పించుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఐదేళ్ళ పిల్ల ఆ కాళ్ళ మీద పట్టక జారిపోతుంటే ఇద్దరూ నవ్వులే నవ్వులు. "చూడు, నా కాళ్ళ మీద పండనిది నువ్వొక్కదానివే ఉంటివి. ఇయ్యాల్టితోని తీరింది." ముఖం, చేతులు, కాళ్ళు నూనెతో నిగనిగలాడించి ఎండలో కూర్చోబెట్టింది. ఇక్కడ మన ఇళ్ళలో అందరికీ విటమిన్ డి తక్కువే. పాపకు కూడా తక్కువుందని, ఎండ ఉన్నప్పుడు బయట ఆడనివ్వమని జీపీ, అంటే మా ఊరి డాక్టర్, చెప్పి ఉన్నాడు. ఇంకేం? మధ్యాహ్నం దాకా అలాగే ఉంచి, నలుగు పెట్టి నీళ్ళు పోసింది. పాప నానమ్మ ఒళ్ళోనే నిద్రపోయింది.

మర్నాడు మూతి చుట్టూ ఎర్రబడింది. చేతుల మీద ఎర్రటి చారలు. మంట అని పాప ముఖం చిట్లించింది.

అత్తమ్మ దగ్గరగా చూసింది. "ఏం గాదు. కొత్త ఎండ, తోలుకు అలవాటు లేదు. జర నూనెల పసుపు కలిపి రాస్త. మళ్ళ ఎండల కూసుంటే మానిపోతది."

మా ఆయన కూడా "అమ్మకు అన్నీ ఎర్కే" అన్నాడు. వాళ్ళమ్మ చేతుల మీద ఎందరు పిల్లలు పెరిగారు! పాప అయితే తనే పోయి దుప్పటి మీద కూర్చుంది. ముఖం పైకెత్తి కళ్ళు మూసుకుంది, నూనె రాయమన్నట్టు. ఆ రోజు ఎండ ముందు రోజుకన్నా గట్టిగా కాసింది.

సోమవారం పొద్దున పాప అరుపుకు లేచాను. పెదవుల చుట్టూ పొక్కులు, నీళ్ళు నిండి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. చేతుల మీద పసరు ఎక్కడెక్కడ కారిందో గీత గీసినట్టు అక్కడక్కడే లేచాయి. తొడ మీద నా అరచేయంత. నీళ్ళు తాగబోతే పెదవి పగిలి కేకలు. మా ఆయన అప్పటికే వెళ్ళిపోయాడు. ఫ్యాక్టరీ లోపల ఫోన్ తీయడు. నేను పాపను ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతున్నాను, అత్తమ్మ పసుపు గిన్నె పట్టుకుని నా వెనకే తిరుగుతోంది.

ఏడుపు విని ఓనరమ్మ వెనక తలుపు తోసుకుని వచ్చింది. పాపను చూసింది. ఆమె ముఖంలో నెత్తురు లేదు. హాగ్‌వీడ్ ముట్టుకుందా అని అడిగింది. ఆ పేరు నాకు తెలియదు. చేయి పట్టుకుని తోటలోకి తీసుకుపోయి చూపించింది. కోసిన కాడలు అక్కడే ఉన్నాయి, వాడిపోయి. నేను తలూపాను. ఆమె వెంటనే కారు తాళాలు తీసుకుంది.

డాక్టర్ నెమ్మదిగానే చెప్పాడు. నాలాంటి వాళ్ళకు అర్థం కావాలని మరీ నెమ్మదిగా చెప్పాడు. ఈ పసరు ఒంటికి అంటినప్పుడు ఏమీ అనిపించదట. మంట ఉండదు, దురద ఉండదు. దాని మీద ఎండ పడితేనే చర్మం కాలుతుందట. వెంటనే సబ్బుతో కడిగి నీడలో ఉంచి ఉంటే ఇంత అయ్యేది కాదట. ఎండలో ఉందా అని అడిగాడు. ఉంది అన్నాను. ఎంతసేపు అన్నాడు. రెండు రోజులూ, నూనె రాసుకుని, అన్నాను. పెన్ను ఆపి నా వైపు చూశాడు. మరక చాలా కాలం ఉంటుందని, ఆ చోట్ల ఇక మీదట ఎండ తగలకుండా చూసుకోవాలని చెప్పాడు.

ఇదంతా ఇంగ్లిషులో. పాప నా ఒళ్ళోనే ఉంది. ప్రతి ముక్కా వింది. పక్క కుర్చీలో ఉన్న అత్తమ్మకు మాత్రం ఒక్క ముక్క తెలియలేదు.

"ఏమంటున్నడే?"

"చెట్టు పసరంట అత్తమ్మా. మందు రాస్తే పోతదట."

ఎండ మాట నేను చెప్పలేదు. ఎలా చెప్పను?

తిరిగొచ్చేటప్పుడు కూడా ఓనరమ్మే కారు నడిపింది. పాప కిటికీలోంచి చూస్తూ, పెదవులు కదపకుండా, చాలా మామూలుగా అంది: "నానమ్మ బర్న్‌డ్ మీ."

ఓనరమ్మ చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. అత్తమ్మ ముందు సీటులోంచి వెనక్కి తిరిగింది. తన పేరు వినపడింది కదా మరి.

"నన్నేమంటుంది?"

"నొప్పి అంటుంది అత్తమ్మా."

సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పులైనా విప్పలేదు, అత్తమ్మ అడిగింది. "ఒరే, బర్న్ అంటే ఏందిరా?"

ఆయనకేం తెలుసు పాపం. "కాలుడమ్మా. ఎందుకు?"

"ఏం లేదు," అంది. ఆ తర్వాత తనే లేచి పోయి నూనె సీసా వంటింటి ప్రెస్‌లో, కనపడకుండా, పప్పు డబ్బాల వెనక పెట్టింది. ఇక్కడ గోడ అల్మారాను ప్రెస్ అంటారు. ఆమెకు వచ్చిన ఇంగ్లిషు ముక్కల్లో అదొకటి. ఇప్పుడు రెండోది వచ్చింది.

ఆ ఎండాకాలం ఎన్నడూ లేనంతగా ఎండలు కాశాయి. ఊరు ఊరంతా సముద్రం ఒడ్డున ఉంది. మేం కర్టెన్లు దింపుకుని లోపల కూర్చున్నాం. మందు నేనే రాయాలి, అన్నం నేనే పెట్టాలి. అత్తమ్మ గదిలోకి వస్తే పాప సోఫా ఆ చివరకు జరిగేది. తల దువ్వుతానని దువ్వెన పట్టుకుంటే "డోంట్ టచ్ మీ" అనేది. నేను కోప్పడ్డాను, ఒకసారి చెయ్యి కూడా ఎత్తాను. అత్తమ్మే ఆపింది.

"ఇడిసిపెట్టు. దానికి భయమైతుంది. కొడితే భయం పోతదా?"

మా ఆయన ఒక రోజు చేతులకు తొడుగులేసుకుని, గొడ్డలి పట్టుకుని తోటలోకి పోయాడు. ఆ మొక్కలన్నీ నరికేస్తానన్నాడు. ఓనరమ్మ బయటికొచ్చి నిలబడింది. చిన్నప్పుడు ఆ గొట్టాలతోనే బఠానీ గింజలు ఊదుకునేవాళ్ళం, మాకెవరికీ ఏమీ కాలేదు, అప్పుడు ఎండ ఎక్కడుండేది అని అంతకు ముందే నాతో చెప్పుకుని ఏడ్చింది. ఆమెను చూస్తే నాకు కోపం రాలేదు. రావాల్సిందేమో, రాలేదు.

అత్తమ్మ గుమ్మంలోంచే కొడుకును కేకేసింది. "ఏం చేస్తున్నవ్‌రా? దాన్ని నరికితే ఏమొస్తది? అది నిలవడ్డకాడ నిలవడ్డది. పోయి కోసింది నేను."

ఆయన గొడ్డలి కింద పడేశాడు. దారి పక్కన ఉన్నవి మాత్రం ఓనరమ్మ జాగ్రత్తగా తీసేసింది. కంచె దగ్గరివాటికి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టింది.

ఆ రోజుల్లోనే ఒకటి గమనించాను. అంత ఉక్కలోనూ అత్తమ్మ మా ఆయన స్వెటర్ వేసుకుని, చేతులు వేళ్ళ దాకా లాక్కుని తిరుగుతోంది. గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకుంటోంది. వచ్చిన కొత్తలో నన్ను వాటి గురించే ఎంత ఎక్కిరించిందో, "డాక్టరమ్మ ఆపరేషన్ చేస్తుందా, అంట్లు తోముతుందా" అని. నాకు అనుమానం వచ్చి సింకు దగ్గర చేయి పట్టుకుని తొడుగు లాగేశాను.

వేళ్ళ సందుల్లో తోలు ఊడిపోయి ఉంది. అరచేయి పక్కన పొక్కులు పగిలి, నల్లబడి, మళ్ళీ పగిలి ఉన్నాయి. మణికట్టు మీదుగా మోచేతి దాకా నల్లటి చార. ఆ రోజు కోసింది ఆమే, పట్టుకుంది ఆమే, రెండు రోజులూ ఎండలో ఆ చేతులతోనే నూనె రాసింది. నాకెందుకు తట్టలేదు అది?

"అత్తమ్మా! ఎందుకు చెప్పలే?"

"మెల్లగ అను. ఏం చెప్పాలె? పిల్ల మొకం జూసినంక ఇదొక నొప్పా?"

తిరిగి చూస్తే పాప తలుపు దగ్గర నిలబడి ఉంది. నానమ్మ చేతుల వైపే చూస్తోంది. తర్వాత తన చేతి మీది చారను చూసుకుంది. మళ్ళీ ఆ చేతుల వైపు.  ఒక్క అడుగు, బిడ్డా, ఒక్క అడుగు ముందుకు వెయ్యి అనుకున్నాను.

"డస్ ఇట్ హర్ట్?" అంది. నన్ను అడిగింది, ఆమెను కాదు.

"నొప్పిగా ఉందా అని అడుగుతుంది అత్తమ్మా."

"లేదని చెప్పు."

"షీ సేస్ నో."

పాప కాసేపు ఆలోచించింది. "ఇట్ డస్," అని మెల్లగా అని, లోపలికి వెళ్ళిపోయింది.

అత్తమ్మ అనుకున్నదానికన్నా ముందే వెళ్ళిపోయింది. ఊళ్ళో ఏదో పని ఉందన్నది, మేం గట్టిగా అడగలేదు. ఎయిర్‌పోర్టులో పాప నా కోటు అంచు పట్టుకుని నిలబడింది. అత్తమ్మ ముందుకు వంగింది. చేతులు స్వెటర్ లోపలే ఉన్నాయి, బయటికి తీయలేదు.

"పోయొస్త బిడ్డా."

"బై," అంది పాప, నేను నేర్పినట్టే.

తర్వాతి ఏడు ఆ మొక్క మళ్ళీ వచ్చింది. తాడు అవతల, నా ఎత్తు పెరిగి, తెల్ల గొడుగులు విప్పింది. ఇప్పుడు నాకది ఎక్కడున్నా కనిపిస్తుంది, రోడ్డు పక్కన, బస్టాప్ వెనక, బడి గోడ దగ్గర. దేశమంతా ఉంది అది. బట్టలు ఆరేయాలన్నా పొడుగు చేతుల చొక్కా వేసుకుని పోతాను. ఈగలకు మాత్రం ఏమీ కాదు, ఎప్పటిలాగే పూల మీద చోటు కోసం కొట్టుకుంటాయి. పాప పై పెదవి పక్కన గోధుమ రంగు మరక ఇంకా పోలేదు. మూతికి చాక్లెట్ అంటిందని బడిలో పిల్లలు అంటారట. ఎండ వస్తే తనే క్రీమ్ తెచ్చుకుని అద్దం ముందు నిలబడి రాసుకుంటుంది. ఎవరినీ రాయనివ్వదు, నన్ను కూడా.

మొన్న మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. వాళ్ళ ఎదురింటి పిల్లకు కొడుకు పుట్టాడట. పిల్లాడికి నీళ్ళు పోయడానికి రమ్మని వాళ్ళు అత్తమ్మ కోసం వస్తే, చేతులు బాగాలేవని చెప్పి పంపించేసిందట. అంతకు ముందు ఇంకో ఇంటికీ అలాగే చెప్పిందట. నలుగు పిండి డబ్బా కూడా ఎవరికో ఇచ్చేసిందట. "ఏమైంది వదినా అమ్మకు? చేతులు మంచిగనే ఉన్నయి గదా?" అని అడిగింది.

నేను వీడియో కాల్ చేశాను.

"అత్తమ్మా, ఏవీ, చేతులు చూపియ్యి."

చూపించింది. వేళ్ళ సందుల్లో కాస్త నలుపు తప్ప ఏమీ లేదు. అవే చేతులు.

"మంచిగనే ఉన్నయి గదా! మరి పిల్లగానికి నీళ్ళెందుకు పోయకపోతివి?"

చేతులు తిప్పి తనే ఒకసారి చూసుకుంది. 

"పసిగుడ్డు గదనే," అంది. "నోరు లేనిది. నేను రుద్దేటిది దానికి మంచిగైతుందో, కాలుతుందో, నాకేమెర్క."

 పాప అక్కడే బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. కనీసం ముఖమైనా చూస్తుందని ఫోన్ పాప వైపు తిప్పాను. నానమ్మకు హాయ్ చెప్పు అన్నాను. పాప తల ఎత్తి, మర్యాదగా చెయ్యి ఊపి, మళ్ళీ రంగు పెన్సిల్ తీసుకుంది.

తెర మీద అత్తమ్మ నవ్వింది. నవ్వుతూనే, రెండు చేతులూ మాకు కనపడకుండా కిందికి దించుకుంది.